తడికాలి నడక

తూర్పు కొండల మీద సూర్యుడు కుంకుమబొట్టంత కనబడగానే ఈరమ్మవ్వ శంఖం ఊదింది. శంఖం కన్నా ఆమె దగ్గే గట్టిగా వినిపించింది గానీ, ఆచారం ప్రకారం ఊదినట్టే లెక్క.

మాచన కుడికాలు నీళ్ళలో పెట్టాడు. భేరుండగిరి తరఫున వచ్చిన చండకుడు అతని పక్కనే ఎడమకాలు పెట్టాడు. ఒకరిని వదిలి ఒకరు పోకుండా ఇద్దరి మణికట్లకూ కలిపి పసుపుతాడు కట్టి ఉంది.

పన్నెండేళ్ళకొకసారి వచ్చే తడికాలి నడక అది. దక్షిణాన విరజాపురం, ఉత్తరాన భేరుండగిరి. రెండు రాజ్యాల నడుమ సరిహద్దు గోడా కాదు, కందకమూ కాదు, ఉడుతవాగు. వాగన్నాక ఏటా కాస్త అటో ఇటో జరుగుతుంది. అందుకని రెండు రాజ్యాల నుంచి చెరొక మనిషి వాగు పుట్టిన చోటు నుంచి శ్వేతనదిలో కలిసే చోటు దాకా వాగులోనే నడవాలి. వాళ్ళు నడిచిన దారే రాబోయే పన్నెండేళ్ళకూ సరిహద్దు.

నియమాలు మూడే. పొద్దు గుంకే లోపల నడక ముగియాలి. పాదం ఆరకూడదు. నీటికి చెయ్యి తగలకూడదు. చెయ్యి పెట్టినవాడు వాగును తనవైపు తిప్పుకుంటాడని పూర్వీకుల అనుమానం. ఒకసారి తగిలితే ముందు నడిచే హక్కు అవతలివాడికి పోతుంది. రెండోసారి తగిలితే నడక ఓడినట్టే.

మాచన గోగులవాడ నీరటికాడు. తూములు తెరవడం, గట్లు కాయడం, పొలాలకు వంతు తప్పకుండా నీళ్ళు వదలడం అతని పని. వాగుకు దక్షిణపు గట్టున మూడువందల గడప ఉన్న ఊరు గోగులవాడ. వాగు ఊరికి ఉత్తరాన పారినంత కాలం అది విరజాపురానిది. దక్షిణాన పారిందా, తెల్లారేసరికి భేరుండగిరిది. కొత్తగా చేతికొచ్చిన ఊళ్ళను భేరుండగిరి రాజు ఏం చేస్తాడో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇళ్ళకు తాళాలు వేయించి, ఆడా మగా అందరినీ గంధకపు గనుల్లోకి దింపుతాడు. దిగినవాళ్ళలో మళ్ళీ ఎండ చూసినవాడు లేడు.

"కత్తి పట్టడం రానివాణ్ణి పంపారేం మీవాళ్ళు?" అన్నాడు చండకుడు మీసం సవరించుకుంటూ. "విరజాపురంలో మగాళ్ళు అయిపోయారా?"

"ఉన్నారు బాబూ. కాకపోతే వాళ్ళకి నీళ్ళలో నానితే కాలివేళ్ళ సందుల్లో ఒరుపు రోగం వస్తుందని భయం. నాకైతే కాళ్ళు ఎప్పుడో ఒరిసిపోయాయి," అన్నాడు మాచన.

గట్టు మీద గాడిదనెక్కి వస్తున్న ఈరమ్మవ్వ పేలాలు నములుతూ కిసుక్కున నవ్వింది. ఆమె ఏ రాజ్యానికీ చెందని కొండజాతి మనిషి. నాలుగు నడకలకు సాక్ష్యం చెప్పిన పెద్దమ్మ. ఆమె ఒళ్ళో బూడిద సంచి ఉంది. ప్రతి మలుపులో నడకగాళ్ళు ఆమె చల్లిన బూడిదలో పాదం మోపాలి. బూడిద అంటితే తడి ఉన్నట్టు. అంటకపోతే ఆరినట్టు.

ఏనుగుతల బండ పగులులోంచి ఉడుతవాగు ఆడపిల్ల జడంత సన్నగా పుడుతుంది. పుట్టగానే కిందికి రాదు. ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు అరక్రోసు ఉత్తరానికి పరుగెత్తుతుంది. అక్కడ నల్లకొండ అడ్డు నిలబడి కోప్పడితే తూర్పుకు తిరుగుతుంది. ఆ తరువాత దాని ఆటకు అంతుండదు. నేరేడు తోపులో నీళ్ళు ఊదారంగులో మెరుస్తాయి. పొగడచెట్ల కింద పూలు తెప్పలుగా తేలుతాయి. గులకరాళ్ళ మీద నీళ్ళు గజ్జెలు కట్టి ఆడినట్టు గలగలమంటాయి. ఎక్కడా మూడు బారలకు మించి వెడల్పు లేదు. పులి దూకి దాటగలదు, పిల్లి తడవకుండా దాటలేదు.

ఆ వాగులో ప్రతి రాయీ మాచనకు చుట్టమే. జారుడుబండ వచ్చేసరికి చండకుణ్ణి తాడుతో తన వైపు లాగి, "ఎడమకి, ఎడమకి," అని హెచ్చరించాడు. చండకుడు వినకుండా కుడివైపు అడుగు వేశాడు. కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. చేతులు నీటికి తగిలేవే, మాచన అతని నడికట్టు పట్టుకుని ఎత్తి నిలబెట్టాడు.

"పడనిచ్చి ఉంటే నీకే లాభం కదరా," అంది అవ్వ.

"తాడు ఇద్దరికీ ఒకటే కదవ్వా. ఆయన పడితే నేనూ పడతాను."

చండకుడు కృతజ్ఞత చెప్పలేదు. అతని కళ్ళు మాత్రం ఒక్క క్షణం పచ్చగా మెరిశాయి. మాచన అది చూశాడు. ఎండ తగిలి అలా కనిపించిందేమో అనుకున్నాడు. అతను చేసిన మొదటి పొరపాటు అదే.

రెండో పొరపాటు జాముపొద్దెక్కాక జరిగింది.

పొగడతోపు దాటాక గట్టుకు వేలెడంత గండి పడి ఉంది. అందులోంచి నీళ్ళు బొటబొటా బయటికి కారుతున్నాయి. మామూలు మనిషైతే చూడకుండా పోతాడు. కానీ గండిని చూస్తూ దాటిపోయిన నీరటికాడు భూమ్మీద పుట్టలేదు. తల్లి చీర కొంగు అంటుకుంటే ఆర్పడానికి బిడ్డ ఆలోచిస్తాడా? మాచన చెయ్యి దానంతట అది కిందికి పోయింది. పిడికెడు బురద తీసి గండిలో కూరి, బొటనవేలితో నొక్కి, పైన ఒక గడ్డిదుబ్బు పెట్టి సరిచేసింది. అంతా అయ్యాక గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు.

చండకుడు పకపకా నవ్వాడు. "అవ్వా, చూశావుగా. చెయ్యి మోచేతి దాకా తడిసింది."

ఈరమ్మవ్వ నమలడం ఆపింది. "చూశాన్రా. కళ్ళున్నాయి గనక చూడక తప్పింది కాదు. అబ్బీ మాచనా, ముందు నడిచే హక్కు పోయింది. ఇంకొక్కసారి చెయ్యి తగిలితే నీ ఊరు కూడా పోతుంది. ఆ చేతులు చంకలో పెట్టుకుని నడువు."

మాచన తలవంచాడు. గండి అంచులు చూస్తే ఎవరో బొటనవేలితో అప్పుడే పొడిచినట్టు నున్నగా ఉన్నాయి. ఎండ్రకాయ తవ్విన గండి అలా ఉండదు.

అక్కడి నుంచి చండకుడు ముందు, మాచన వెనుక. పావుక్రోసు పోయాక వాగు రెండుగా చీలి కనిపించింది. మాచన ఉలిక్కిపడ్డాడు. పుట్టి ఇన్నేళ్ళలో అక్కడ చీలిక చూసి ఎరగడు. ఎడమపాయ తనకు తెలిసినదే, ముళ్ళపొదల మధ్య వంకరటింకరగా పోతోంది. కుడిపాయ రాజుగారి ఉద్యానవనంలా ఉంది. ఇసుక వెండిపొడిలా మెరుస్తోంది. ఇరువైపులా ఎర్రతామరలు. నీలి రెక్కల హంసలు జంటలుగా ఈదుతున్నాయి. నీరు అద్దంలా కదలకుండా నిలిచి, నిలిచినట్టే ముందుకు పారుతోంది.

"ఇదే వాగు," అని చండకుడు కుడిపాయలో దిగాడు. తాడు మాచనను కూడా లాగింది.

నూరడుగులు పోయారు. ఇన్నూరు పోయారు. గోగులవాడ పొయ్యిల పొగ కనబడింది. కుడిచేతివైపు కనబడవలసిన పొగ ఎడమచేతివైపు కనబడింది. అంటే వాళ్ళు ఊరికి దక్షిణాన నడుస్తున్నారు. అడుగడుక్కూ మూడువందల గడపలు ఒక్కొక్కటే చేజారుతున్నాయి.

అప్పుడు మాచన తన కాలివేళ్ళు చూసుకున్నాడు. పొద్దుటి నుంచి నీళ్ళలో నానిన వేళ్ళు ముసలివాళ్ళ వేళ్ళలా ముడతలు పడి ఉండాలి. అవి పెళ్ళికొడుకు వేళ్ళలా నున్నగా ఉన్నాయి.

"అవ్వా, బూడిద చల్లు," అన్నాడు.

"మలుపు రాలేదుగా?"

"వంకర లేని వాగు ఎక్కడైనా ఉంటుందా? మలుపు రాకపోవడమే నా అనుమానం."

అవ్వ బూడిద చల్లింది. మాచన పాదం మోపి ఎత్తాడు. ఒక్క రేణువు అంటలేదు. మోకాలి లోతు నీళ్ళలోంచి వచ్చిన కాలు ఎండుకట్టెలా ఉంది.

"తడపని నీళ్ళు నీళ్ళెట్లా అవుతాయిరా?" అంది అవ్వ మెల్లగా. ఆమె చూపు చండకుడి మీదికి తిరిగింది. "దారి తీసినవాడిదే తప్పు. ఇంతకీ నువ్వెవరు నాయనా?"

చండకుడి మీసం రాలి నేలబడింది. ముఖం సాగి ముక్కుగా మారింది. రెండు కాళ్ళు సన్నగిల్లి కర్రల్లా అయ్యాయి. కళ్ళలో పచ్చమంట లేచింది.

"కాకజంఘుడు," అంది అవ్వ. "గద్దముక్కు కోట మాంత్రికుడు. పోయిన నడకలో కప్పలా వచ్చాడు. ఈసారి మీసంతో వచ్చాడు."

కొంగ రూపం దాల్చిన మాంత్రికుడు పసుపుతాడులోంచి రెక్కగా మారిన చెయ్యి లాక్కుని గాల్లోకి లేచాడు. "నా నీళ్ళు అబద్ధమే నీరటికాడా. కానీ నిజం నీళ్ళు నా మాట వింటున్నాయి. పోయి మింగుడుగుంట చూసుకో," అని అరుస్తూ ఉత్తరానికి ఎగిరిపోయాడు. హంసలు, తామరలు, వెండి ఇసుక అన్నీ పొగలా చెదిరిపోయాయి. మాచన ఎండిన పల్లంలో, తుమ్మముళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు.

"పారిపోయినవాడి హక్కు పోయింది. చీలిక దగ్గర నుంచి నువ్వొక్కడివే నడువు," అంది అవ్వ.

అసలు వాగు గోగులవాడకు పడమట ఒక గుంటలో మాయమవుతుంది. దాని పేరు మింగుడుగుంట. నేల కింద మూడువందల అడుగులు పారి, ఊరికి ఉత్తరాన కక్కుడురాయి దగ్గర మళ్ళీ బుసబుసా పైకి వస్తుంది. ఆ మధ్య దూరం నడకగాళ్ళు పాదాలకు తడినాచు చుట్టుకుని పైనుంచే నడవాలని ఆచారం.

మాచన మింగుడుగుంట చేరేసరికి అది మింగడం మానేసి ఉంది. నీళ్ళు అంచుదాకా నిండి గిరగిరా తిరుగుతున్నాయి. ఒక పాయ అంచు దాటి, ఎండిన పల్లం వైపు, అంటే ఊరికి దక్షిణంగా, పాములా పాకడం మొదలుపెట్టింది. మాంత్రికుడి ఎత్తు అప్పుడు అర్థమైంది. కింద దారి మూసేశాడు. సాయంత్రానికి వాగు నిజంగానే దక్షిణాన పారుతుంది. మాయనీళ్ళ ఆట అందాకా పొద్దు గడపడానికే.

"అవ్వా, కింద ఏదో అడ్డం పడింది. రెండో వైపు నుంచి దూరి చూస్తాను."

"నాచు ఆరేలోపు తేల్చుకో. చేతులు జాగ్రత్త."

పాదాలకు నాచు చుట్టుకుని మాచన పరుగెత్తాడు. కక్కుడురాయి దగ్గర ఊరు ఊరంతా నిలబడి ఉంది. రాతినోరు ఎండిపోయి ఉంది. మాచన అందులో దూరి, చీకట్లో తడుముకుంటూ లోపలికి పోయాడు. యాభై అడుగులు పోయాక గుహ ఇంకా పెద్దదైంది. పైకప్పు పగుళ్ళలోంచి ఎండ ఈటెల్లా దిగుతోంది. గోడలకు పచ్చ, నీలం స్ఫటికాలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆ వెలుగులో అతనికి దారి మూసిన గోడ కనిపించింది. గరుకుగా, గళ్ళు గళ్ళుగా, బూడిదరంగులో ఉన్న గోడ.

మాచన కాలితో తన్ని చూశాడు.

"ఎవడ్రా అది, నడుం నొప్పితో చస్తుంటే తన్నేది?" అంది గోడ.

అది పడవంత ఉడుము. నాలుగు పంజాలతో గుహ గోడల్ని కరిచిపట్టుకుని, ఒళ్ళంతా బిగించి, వెనుక వాగును ఆపుతోంది. దాని తల ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

మాచన రెండు అడుగులు వెనక్కి వేసి, "ఉడుమత్తా, దారి ఇవ్వవూ? మా ఊరు మునిగేట్టుంది," అన్నాడు.

"వరసలు కలిపితే కరిగిపోతాననుకున్నావా? కదిలితే నా బిడ్డలు పోతారు."

"ఏ బిడ్డలు?"

"ఏడు గుడ్లు. ఆ కొంగకాళ్ళవాడు ఎత్తుకుపోయి కోటబురుజు మీద పెట్టుకున్నాడు. పొద్దుగూకేదాకా వాగు ఆపితే ఇస్తానన్నాడు. ఆపకపోతే గుడ్డట్టో ఏదో వేసుకుంటాట్ట."

"వాడి మాట నమ్మావా?"

ఉడుము గోళ్ళు ఇంకా బిగించింది. "నమ్మలేదు. కానీ తల్లిని. నమ్మినట్టు నటించక ఏం చెయ్యను?"

మాచన పాదాల మీద నాచు అంచులు అప్పటికే పెళుసెక్కుతున్నాయి. "అత్తా, నేను నీరటికాణ్ణి. వంతు ఇస్తానని తప్పినవాణ్ణి కాను. నువ్వు దారి వదులు. నీ గుడ్లు నేను తెచ్చిపెడతాను."

"ఎప్పుడు?"

"నడక అయిపోగానే."

"అప్పటికి పెనం వేడెక్కుతుంది. ఇవాళే, పొద్దుండగానే తెస్తానను."

ఒకవైపు ఊరు, ఒకవైపు ఏడు గుడ్లు, పైన ఆగకుండా జారుతున్న సూర్యుడు. మాచన తల ఊపాడు. "ఇవాళే. పొద్దుండగానే."

"అయితే వీపెక్కు. చేతులు పైకెత్తుకో, మీ నియమం నాకు తెలుసు," అని ఉడుము గోళ్ళు వదిలింది.

వెనుక పోగైన వాగు ఒక్కసారిగా విరుచుకుపడింది. గుహ మొత్తం మద్దెలలా మోగింది. మాచన మోకాళ్ళతో ఉడుము మెడ బిగించి, రెండు చేతులూ తలపైన జోడించి, హారతికి నిలబడ్డ భక్తుడిలా బాణం వేగంతో దూసుకుపోయాడు. పాదాలు రెండూ నురగలో మునిగి ఉన్నాయి. కక్కుడురాయి భళ్ళున కక్కింది. ముందు నీళ్ళు, తరువాత ఉడుము, ఉడుము మీద మాచన. ఊరివాళ్ళు కొందరు పారిపోయారు, కొందరు దండం పెట్టారు. మాచన తల్లి మాత్రం, "ఒరేయ్, తిన్నావా?" అని అరిచింది. జవాబు చెప్పేలోపు వాగు అతణ్ణి మలుపు తిప్పేసింది.

ఉడుతవాగు ఊరికి ఉత్తరానే పారుతోంది. ఇక మిగిలింది క్రోసు దూరం.

ఆ క్రోసు మధ్యలోనే గద్దముక్కు కోట ఉంది. వాగు గట్టున నిట్టనిలువుగా లేచిన నల్లరాతి మీద, గద్ద ముక్కులా ముందుకు వంగిన బురుజు. బురుజు కింద వాగు నల్లగా నిలిచి మడుగు కట్టింది. ఉడుము అక్కడ ఆగి పైకి చూసింది.

"మాట," అంది.

"గుర్తుంది. కానీ కోట ఎక్కేలోపు నా పాదం ఆరిపోతుంది. ఆరితే ఊరు పోయినట్టే."

ఉడుము ఆలోచించింది. తరువాత నోరు బార్లా తెరిచి, వాగు నీళ్ళు బుగ్గల నిండా పట్టి, రెండు పాదాలు పట్టేంత సందు ఉంచి అతని ముందు పెట్టింది.

మాచన గట్టువైపు చూశాడు. గాడిద రొప్పుతోంది. "అవ్వా, ఇది చెల్లుతుందా?"

ఈరమ్మవ్వ బుర్ర గోక్కుంది. "నోరు ఎవరిదన్నది నియమాల్లో లేదు. నీళ్ళు వాగువేనా?"

"వాగువే."

"అయితే ఎక్కు. నా జన్మలో ఇది కూడా చూడాలని రాసిపెట్టి ఉంది."

మాచన పాదాలు రెండూ ఉడుము నోట్లో పెట్టాడు. అది పళ్ళు తగలకుండా పెదవులు బిగించి, పంజాలతో రాతిని కరిచిపట్టి, చరచరా పైకి పాకింది. దీపస్తంభం మీది దీపంలా దాని మూతి మీద నిలువుగా నిలబడి మాచన కోట ఎక్కాడు. కిందినుంచి చూసినవాళ్ళకు అతను గోడమీద నడిచిపోతున్నట్టే ఉంది. పైన కావలిభటుడు ఒకడు తొంగిచూసి, ఈటె పారేసి, "నేను ఇవాళ సెలవులో ఉన్నాను," అని లోపలికి పరుగుతీశాడు.

బురుజు అంచు అందింది. గడ్డిగంపలో తెల్లగా, కుండలంత గుడ్లు ఆరు ఉన్నాయి. ఏడోది కాకజంఘుడి చేతుల్లో ఉంది. అతను కొంగరూపం వదిలి, పొడుగాటి నల్లటి అంగీలో బురుజు కొసన నిలబడ్డాడు.

"ఇంకొక్క అడుగు వేస్తే," అన్నాడు.

అడుగు వేయడానికి మాచన కాళ్ళు తన దగ్గర లేవు. "ఇటివ్వు స్వామీ. తల్లి ముందు బిడ్డతో బేరమాడకు."

"బేరమెవడాడుతున్నాడు?" అని మాంత్రికుడు నవ్వి, గుడ్డును బురుజు కొస నుంచి కిందికి విసిరాడు.

ఉడుము నోరు తెరిచి ఘోరంగా అరిచింది. నోట్లోని నీళ్ళన్నీ గోడమీద జలజలా పారిపోయాయి. ఎండకు కాగిన గాలి మాచన తడిపాదాలను నాకడం మొదలుపెట్టింది. అతను ఆలోచించలేదు. ఉడుము దవడను తన్ని, గాల్లోకి దూకాడు.

కోటగోడ పైకి పరుగెత్తింది. గుడ్డు అతని ముందు బొంగరంలా తిరుగుతూ పడిపోతోంది. ఒక చెయ్యి అందలేదు. రెండో చేతి వేళ్ళు తగిలాయి, జారాయి, మళ్ళీ తగిలాయి. మాచన గుడ్డును రెండు అరచేతుల్లో ఒడిసిపట్టి గుండెకు అదుముకున్నాడు.

కింద మడుగు దగ్గరవుతోంది. దాని లోతు ఎంతో గోగులవాడలో ఇంతవరకు ఏ నీరటికాడూ కొలవలేదు.

"చేతులు," అంది గట్టు మీదినుంచి ఈరమ్మవ్వ గొంతు. "ఒరే అబ్బీ, చేతులు."

మాచన నడుం తిప్పి కాళ్ళు కిందికి చాచాడు. గుడ్డుతో సహా రెండు చేతులూ ఆకాశంలోకి, ఎంత పొడుగు సాగితే అంత పొడుగు, ఎత్తిపట్టాడు. బొటనవేలికి చల్లటి నీళ్ళు తగిలాయి. మోకాళ్ళు మునిగాయి. నడుం, రొమ్ము, గడ్డం మునిగాయి.

ఆ క్షణాన, ఇంకా నీటికి పైనే ఉన్న అరచేతుల్లో, పెంకు లోపల నుంచి ఎవరో టక్, టక్ మని తట్టారు.